విరామ వేళ: నాలుగు తీగెలు, మూడు పిన్నులు



కచేరీలో తంబూరా నాదం ఆగిపోయిన క్షణాన గాని, అంతవరకు అది మ్రోగుతూనే ఉన్నదన్న సంగతి మనకు స్ఫురించదు. మంద్రస్వరాల స్వభావమే అంత. గోపురానికి నమస్కరించేవారే గాని పునాదిని తలచుకొనేవారు అరుదు. నేటి వాద్యబృందాలలో ఆ పునాది బరువును మోస్తున్నది బేస్ గిటారు. దానిని ఎంచుకొనడం, వినియోగించడం, చేతులు మార్చుకొనడం గురించి ఈ సంచికలో నాలుగు మాటలు మనవి చేయదలిచాము. ఇందుకు ప్రేరణ ఖిదిర్‌పూర్‌లో ఒక ఉగాది సాయంకాలం మేము చూచిన సంఘటన.

ఖిదిర్‌పూర్ అనగానే మన వంటి ఉద్యోగులకు రేవు, గోదాములు, ఓడలకు దారినిస్తూ పైకి లేచే వంతెన గుర్తుకు వస్తాయి. పొరుగునే ఉన్న గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం, నౌకాదళానికి యుద్ధనౌకలను నిర్మించే ప్రభుత్వరంగ కర్మాగారం ఉన్నాయి. రేవులోను, రైల్వేలోను పనిచేయడానికి వచ్చి, ఈ పరిసరాలలోనే స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలు అనేకం. సంగీతానికి కూడా ఈ నేల కొత్తది కాదు. 1856లో రాజ్యం కోల్పోయిన లక్నో నవాబు వాజిద్ అలీ షా ఇక్కడికి సమీపంలోని మటియాబుర్జ్‌లో నివాసమేర్పరచుకొని, 1887లో కన్నుమూసేవరకు ఠుమ్రీకి, కథక్ నృత్యానికి ఆశ్రయమిచ్చాడు.

మా కథానాయకుడు మాత్రం నవాబు కాడు. పదవీవిరమణ చేసిన ఒక పెద్దాయన. యౌవనంలో పగలు రేవు కొలువు, రాత్రి పార్క్ స్ట్రీట్ వాద్యబృందాల వినికిడి ఆయన దినచర్య. 1991 ఆర్థిక సంస్కరణలకు పూర్వం విదేశీ వాద్యాలు సామాన్యునికి అందుబాటులో ఉండేవి కావు. ఆయన ఒక నావికుని వద్ద ఆరు నెలల జీతపు పొదుపుతో బేస్ గిటారును, దానితోపాటు ఒక చిన్న ఆంప్లిఫయరును కొన్నారు. ఇంటికి తెచ్చి ప్లగ్గు పెట్టగానే ఆంప్లిఫయరు నుండి స్వరానికి బదులు పొగ వెలువడింది. వెనుక పలకపై 117 వోల్టులని అచ్చువేసి ఉన్నది. మన గోడలో ఉన్నది 230. "కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అనుకొన్నాను. ఆ గుమ్మడికాయ కాస్తా దిష్టికి పగిలింది" అని ఆయన నేటికీ నవ్వుతూ చెబుతారు. గిటారు మాత్రం నలభై ఏళ్ళు ఆయనను విడువలేదు. వ్రేళ్ళకు కీళ్ళనొప్పులు వచ్చిన తరువాత, దానిని పేటలోని ఒక కుర్రవానికి అప్పగించాలని తలచారు. ఆ బేరానికి సాక్షులుగా మేము వెళ్ళాము.

ముందుగా వాద్యం గురించి. 1951లో అమెరికాలో లియో ఫెండర్ విపణిలోకి తెచ్చిన 'ప్రెసిషన్ బేస్' ఈ జాతికి రాజమార్గం వేసింది. అంతవరకు మంద్రస్వరానికి నిలువెత్తు డబుల్ బేసే దిక్కు. దానిని మోయడమే ఒక వ్యాయామం. పైగా దానికి మెట్లు లేవు. ఫెండర్ వాద్యానికి వీణవలె మెట్లు ఉన్నందున స్వరం నిర్దిష్టంగా పలుకుతుంది. ఆ పేరుకు అర్థం కూడా అదే. మన సినిమా సంగీతంలో దీని మహిమ తెలియగోరువారు 'గీతాంజలి' (1989) వంటి చిత్రాలలో ఇళయరాజా గారి పాటలను మంచి స్పీకర్లపై పెట్టి, గాయకుని విడిచి క్రింది స్వరాన్ని మాత్రమే అనుసరించి వినగలరు. ఒకే పాటలో రెండవ పాట వినవస్తుంది.

ఎంపిక విషయానికి వద్దాము. సాధారణ బేస్‌లో తీగెలు నాలుగు. అన్నింటికన్నా లావు తీగె సెకనుకు సుమారు 41 కంపనాలతో మ్రోగుతుంది. అయిదవ తీగె ఉన్న వాద్యాలలో అది 31 వరకు దిగుతుంది. నేర్చుకొనేవారికి నాలుగు తీగెలు చాలును. తీగె మ్రోగే నిడివి సాధారణంగా 34 అంగుళాలు; చేతులు చిన్నవైన వారికి 30 అంగుళాల వాద్యాలు కూడా లభిస్తాయి. రంగును చూచి మురిసిపోక, పట్టీతో భుజాన వేసుకొని పావుగంట నిలబడి చూడవలెను. నాలుగు కిలోల బరువు కూర్చున్నప్పుడు తెలియదు. రెండు గంటల కార్యక్రమంలో తెలుస్తుంది.

వాడిన వాద్యాన్ని కొనేవారు మెడను పరీక్షించడం అత్యవసరం. నాలుగు తీగెలు కలిసి డెబ్బై కిలోలకు పైబడిన బలంతో ఆ కొయ్యను అహర్నిశలు లాగుతూ ఉంటాయి. దానికి ఎదురు నిలిచేది మెడలోపల ఉండే ఉక్కు కడ్డీ. కోల్‌కతా వంటి తేమ నగరంలో వర్షాకాలానికి, శీతకాలానికి మధ్య కొయ్య వంగడం, నిక్కడం సహజమే. తీగెను మొదటి మెట్టుపైన, మెడ చివరి మెట్టుపైన ఒకేసారి నొక్కిపట్టి, నడుమ ఏడెనిమిది మెట్ల వద్ద ఎంత సందు ఉన్నదో చూడండి. విజిటింగు కార్డు దూరేంత ఉంటే క్షేమం. అంతకు మించి ఉంటే కడ్డీని సరిచేయించాలి. కడ్డీ తిరగకుండా బిగుసుకొనిపోతే ఆ బేరం వదులుకోవాలి. తరువాత పన్నెండవ మెట్టు స్వరం, విడి తీగె స్వరానికి సరిగా రెట్టింపు స్థాయిలో పలుకుతున్నదా అని వినండి. గుండీలను త్రిప్పినప్పుడు గరగరమంటే లోపల దుమ్ము చేరినట్లు; అది చిన్న మరమ్మతే. పైన పటారం, లోన లొటారం అన్న సామెత వార్నిషు మెరుగులకు చక్కగా వర్తిస్తుంది.

కొన్ని గిటార్లలో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. వాయించడం ముగిసిన తరువాత తీగ ప్లగ్గును గిటారులోనే ఉంచివేస్తే ఆ బ్యాటరీ రాత్రంతా కరుగుతూనే ఉంటుంది. ఏనుగును కొని అంకుశానికి వెనుకాడినట్లు, వేలు పోసి వాద్యం కొని మంచి తీగకు, దృఢమైన పట్టీకి, పెట్టెకు లోభించరాదు.

ఇక వేదిక. మానవ శ్రవణం మంద్రస్వరాలను మందంగా గ్రహిస్తుంది. అందుచేత గిటారు వాద్యకారునికి యాభై వాట్లు చాలినచోట, బేస్ వాద్యకారునికి రెండు మూడు వందలు కావలసి వస్తుంది. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమేనని గమనించండి. మామూలు గిటారు ఆంప్లిఫయరులో బేస్‌ను గట్టిగా వాయించితే దాని స్పీకరు కాగితం చిరుగుతుంది. 8 ఓముల స్పీకరు పెట్టెలు రెండింటిని సమాంతరంగా కలిపితే యంత్రానికి కనిపించేది 4 ఓములు. ఆ భారాన్ని మోయగలదో లేదో వెనుక పలక చెబుతుంది. లావు తీగె నాదతరంగం ఎనిమిది మీటర్లకు పైబడిన పొడవు కలది. కనుక వేదికపై మీకు వినిపించేది, సభలో చివరి వరుసకు వినిపించేది ఒకటి కాదు. ఒకసారి మిత్రుని చేతికి వాద్యమిచ్చి, మీరే వెనుకకు వెళ్ళి వినిరావడం మేలు.

శబ్దం ఎంత అన్నదానికి కూడా హద్దున్నది. 85 డెసిబెల్స్ వద్ద ఎనిమిది గంటలు పనిచేయవచ్చునని కర్మాగార భద్రతా పాఠాలలో మనం విన్నదే. ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ కాలం సగమవుతుందన్న లెక్కన, నూరు వద్ద మిగిలేది పదిహేను నిమిషాలే. చెవికి దూది కాదు, సరియైన బిరడాలు పెట్టుకోవాలి. రాత్రి పది దాటిన తరువాత బహిరంగ స్థలాలలో ధ్వనివర్ధకాలను 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నియంత్రిస్తున్న సంగతి కూడా నిర్వాహకులు మరువరాదు.

ఇప్పుడు ఆ సాయంకాలానికి వద్దాము. పందిరిలో పచ్చడి పంపకం పూర్తయింది. పిల్లలు వేషాలతో సిద్ధంగా ఉన్నారు. కుర్రవాడు పెద్దాయన గిటారును భుజాన వేసుకొని, స్వరం సరిచూచుకొంటూ మైకు దగ్గర నోరు పెట్టి, ఉలిక్కిపడి వెనుకకు తగ్గాడు. పెదవులకు చిమచిమ తగిలింది. స్పీకర్లలో హోరు కూడా వినిపిస్తున్నది. ఎవరో అనుభవశాలి అన్నాడు: "ఆంప్లిఫయరు ప్లగ్గుకు మూడో పిన్ను తీసేయండి, హోరు పోతుంది." ఇంకొకరు శ్రావణాన్ని మించిన ఔషధం కనుగొన్నట్లు, మైకుకు స్పాంజి తొడిగితే సరిపోతుందన్నారు.

పెద్దాయన లేచి నిలబడ్డారు. "బాబూ, ముందు గిటారు క్రింద పెట్టు. తీగెమీద చెయ్యి వెయ్యకు."

"ఏం ఫర్వాలేదు తాతగారూ, కొంచెమే తగిలింది."

"కొంచెం తగిలినవాడే మాట్లాడగలడు నాన్నా."

ఆయన మాట అతిశయోక్తి కాదు. 1972లో వేల్స్ దేశంలోని స్వాన్‌సీ నగరంలో, 'స్టోన్ ద క్రోస్' బృందపు గిటారు వాద్యకారుడు లెస్ హార్వే వేదికమీదనే మైకును తాకి మరణించాడు. 1976లో 'యార్డ్‌బర్డ్స్' గాయకుడు కీత్ రెల్ఫ్ తన ఇంటిలోనే, భూసంధానం సరిగాలేని గిటారుతో ప్రాణం కోల్పోయాడు. కారణం సుబోధకమే. గిటారు తీగెలు తీగ ద్వారా ఆంప్లిఫయరు లోహపు పెట్టెతో కలిసి ఉంటాయి. ఆ పెట్టెకు ఎర్తు లేక, లోపల ఎక్కడో విద్యుత్తు కారితే, అది తీగెల వరకు వచ్చి నిరీక్షిస్తుంది. మైకు మరొక మార్గాన ఎర్తుకు కలిసి ఉంటుంది. నడుమ వంతెన వాద్యకారుని దేహం.

అదృష్టవశాత్తు సభలో విద్యుత్ శాఖకు చెందిన మన సహోద్యోగి ఒకరున్నారు. మీటరు తెప్పించి చూస్తే, అద్దెకు తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డులో మూడవ రంధ్రం ఉన్నది గాని, దాని వెనుక తీగ లేదు! కొత్త తీగ లాగి, వేదికమీది యంత్రాలన్నింటినీ ఒకే సరఫరాకు కలిపి, 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే రక్షణ స్విచ్చును బిగించేసరికి గంట గడచింది. మిగిలిన కాస్త హోరు, గిటారుకు మిక్సరుకు నడుమనుండే డి.ఐ. పెట్టెపై ఉన్న స్విచ్చుతో పోయింది. ఆ స్విచ్చు వేరుచేసేది ధ్వని సంకేతపు ఎర్తునే గాని, ప్రాణరక్షకమైన విద్యుత్ ఎర్తును కాదు. ఈ భేదం తెలియకనే మూడవ పిన్నుకు మూడింది. ఆలస్యానికి ప్రేక్షకులు గొణిగినా, కార్యక్రమం రక్తికట్టింది.

అనంతరం బేరం. విక్రేత ధర్మం దోషాన్ని దాచకపోవడం. పెద్దాయన తొమ్మిదవ మెట్టు అరిగినదని, ఒక గుండీ మార్చినదని తామే చూపించారు. కొనుగోలుదారు ధర్మం వ్రాతమూలకంగా రసీదు తీసుకొనడం, క్రమసంఖ్యను అందులో వ్రాయించడం. పూర్వాపరాలు తెలియని సరుకు ఎంత చౌకైనా ముట్టకపోవడం. కొత్తవాటి ధరలు తెలియగోరితే లాల్‌బజార్ దగ్గర రవీంద్ర సరణిలోని వాద్యాల దుకాణాలు ఒక పూట తిరిగిరావడం ఉత్తమం. కుర్రవాడు తెచ్చిన సొమ్ములో సగమే పెద్దాయన తీసుకొన్నారు. మిగిలిన సగానికి ఒక షరతు పెట్టారు: దానితో మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఎర్తును పరీక్షించే సాధనం కొని, ఎక్కడ వాయించినా ముందు దానితో చూచి, తరువాతనే వాద్యాన్ని పెట్టెలోనుండి తీయాలి.

నలభై ఏళ్ళ గిటారుకు ఇంతకన్నా న్యాయమైన ధరను మేము ఎరుగము. పందిళ్ళు వేసే పండుగలు మన కాలనీలలోనూ ఉన్నాయి. ఈసారి మైకు పరీక్షకు 'హలో' అనే ముందు, బోర్డు వెనుక మూడవ తీగ ఉన్నదో లేదో చూడవలసినదిగా మనవి.