ఆమె ఇష్టానికి కథ లేదు

కోనసీమ అనగానే తెలుగు సినిమాకు గుర్తొచ్చేవి కొబ్బరితోట, కాలువగట్టు, పడవ, లంగాఓణీలో పచ్చని ఛాయ గల అమ్మాయి. అమలాపురం లోక్‌సభ స్థానమూ, దాని పరిధిలోని అమలాపురం, రాజోలు, పి.గన్నవరం శాసనసభ స్థానాలూ షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయినవి. ఇక్కడ దళితులు ఎంతమంది ఉన్నారో ఎన్నికల పటానికి తెలుసు, కెమెరాకు మాత్రం తెలియదు. ఆ తోటలో కాయలు పోగుచేసే స్త్రీ, ఆ చేలో నాట్లు వేసే స్త్రీ తెరమీదికి వస్తే రెండే రూపాల్లో వస్తుంది. పాటలో వెనక వరుసన ఆడే మనిషిగానో, కామందు కన్నుపడ్డ పాలేరు కూతురుగానో. మొదటి రూపంలో ఆమె ఎవరికైనా అందే శరీరం, రెండో రూపంలో బలి కావలసిన శరీరం. ఆమెకు ఎవరు నచ్చారన్న ప్రశ్న రెండు చోట్లా పుట్టదు.

అమెరికా నల్లజాతి మేధావి పట్రీషియా హిల్ కాలిన్స్ 1990లో వెలువరించిన 'బ్లాక్ ఫెమినిస్ట్ థాట్'లో ఇటువంటి వాటిని అదుపుచేసే ప్రతిరూపాలుగా వివరించారు. యజమాని పిల్లలను సాకే, సొంత కోరికలు లేని 'మామీ' ఒకటి, కోరిక తప్ప మరేమీ లేని 'జెజెబెల్' మరొకటి. రెండో బొమ్మ చేసిన పని చిన్నది కాదు. బానిస స్త్రీపై యజమాని చేసిన అత్యాచారాన్ని ఆమె స్వభావం ఖాతాలో వేసింది. పొలంలో చీర ఎగగట్టుకుని, గొంతెత్తి మాట్లాడే స్త్రీకి మన ఊళ్ళు 'బరితెగించింది' అని పేరు పెట్టడం వెనక ఉన్న లెక్కా అదే.

కులాన్ని తాకిన ప్రేమకథలు ఈమధ్య వచ్చాయి, సంతోషమే. 2020లో 'కలర్ ఫోటో', 2021లో 'ఉప్పెన', 'లవ్ స్టోరీ'. మచిలీపట్నంలో నల్లని పేద విద్యార్థి, కోనసీమకు పొరుగునే ఉన్న ఉప్పాడ తీరంలో మత్స్యకార యువకుడు, హైదరాబాదులో దళిత క్రైస్తవ యువకుడు. ముగ్గురూ ప్రేమించింది తమకన్నా పై మెట్టున ఉన్న ఇంటి అమ్మాయినే. 'కలర్ ఫోటో' నలుపుపై వివక్షను నిలదీసిన సినిమా. అందులోనూ ఆ నలుపు పురుషుడిది. అదే ఛాయ కథానాయికకు ఉంటే నిర్మాత దొరికేవాడా? నలుపు నారాయణుడు మెచ్చు అని సామెత. ఆ మెప్పు పెళ్ళిచూపుల్లో చెల్లదు, సినిమా ఆడిషన్లలో అసలే చెల్లదు.

ఈ కథల్లో కింది కులాల పురుషుడి ప్రేమ తిరుగుబాటు అయింది. దళిత స్త్రీ ప్రేమ కథే కాలేదు. పై కులపు యువకుణ్ణి ఆమె ప్రేమిస్తే ఊరు దాన్ని ప్రేమ అనదు, వల వేసింది అంటుంది. అతడు ముఖం చాటేస్తే, ముందే తెలియదా అంటుంది.

ఇక గల్ఫ్ సంగతి. రాజోలు, మలికిపురం వైపు పేటల్లో పాకలు పోయి శ్లాబులు లేచిన ఇళ్ళను అడిగితే చెబుతాయి, కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేసిన స్త్రీల కష్టం ఎంత ఉందో. ఆమె తిరిగివచ్చాక జుట్టుకు రంగు వేసుకున్నా, ఫోనులో నవ్వుతూ మాట్లాడినా ఊరి దగ్గర ఒక కథ సిద్ధంగా ఉంటుంది. గల్ఫ్ వెళ్ళిన మగవాడు ఎంత సంపాదించాడని అడుగుతారు. ఆమె ఎలా సంపాదించిందని అడుగుతారు. ప్రభుత్వం చూపూ దీనికి మరీ దూరంగా లేదు. ఆ దేశాలకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి వలస అనుమతి కావాలంటే 30 ఏళ్ళు నిండాలి. రక్షణ కోసమేనంటారు. వేతన ఒప్పందాన్నీ, పాస్‌పోర్టును యజమాని లాక్కోకుండా చూసే యంత్రాంగాన్నీ గట్టిగా అడగవలసిన చోట ఆమె వయసును అడ్డుపెట్టారు. పాతికేళ్ళ స్త్రీ ఆగదు. విజిట్ వీసా మీద, దళారి చెయ్యి పట్టుకుని వెళుతుంది.

విచిత్రమేమంటే, సినిమా ఊహించలేనిదాన్ని చట్టం రాసుకుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సమ్మతిని నిర్వచించింది. మాటతోనో సైగతోనో స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలిపిన అంగీకారమే సమ్మతి. ప్రతిఘటించలేదు కాబట్టి ఒప్పుకుందనడం చెల్లదు. ఆమె గతం ఎటువంటిదైనా, అదే వ్యక్తితో ఇంతకుముందు సంబంధం ఉన్నా, అది సమ్మతికి రుజువు కాదు. దళిత స్త్రీకి 'కాదు' అనే హక్కుతో పాటు 'అవును' అనే నోరు కూడా ఉందని ఒప్పుకున్న వాక్యాలివి. పోలీసు స్టేషనులో ఆమె నడవడి గురించి మొదటి ప్రశ్న వేసే అధికారి వీటిని చదివి ఉండాలి.

మన ఉద్యమాన్నీ ఒక మాట అడగాలి. 1985లో కారంచేడు చెరువు దగ్గర బిందె ఎత్తిన సువార్తమ్మ మనకు గర్వకారణం. కానీ మన పాటల్లో దళిత స్త్రీ అయితే ఆ వీరమాత, కాకుంటే చెరచబడిన చెల్లెలు. మధ్యలో అద్దంలో తనను చూసుకుని మురిసే అమ్మాయికి, నచ్చినవాణ్ణి ఎంచుకునే అమ్మాయికి, పెళ్ళి వద్దనే అమ్మాయికి చోటేది? ఆ చోటును స్త్రీలే రాసుకుంటూ వస్తున్నారు. జయప్రభ పైటను సంకెలగా చూస్తే, జూపాక సుభద్ర చెమట తుడిచే, గింజలు మోసే కొంగును ముందుపెట్టి జవాబిచ్చారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల రాతలను ఒకచోట చేర్చింది. విద్యార్థి సంఘాల పఠన జాబితాల్లో వీటికి దక్కే స్థానం తక్కువ.

ఏ పేరు జిల్లాకు పెట్టారని 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇంటికి నిప్పుపెట్టారో, ఆ అంబేద్కర్ 1927లో మహద్‌లో స్త్రీలతో చీరకట్టు గురించీ, నగల గురించీ మాట్లాడారు. కులం ఆనవాళ్ళను ఒంటిమీద మోయవద్దన్నారు. 1942 జూలైలో నాగపూర్ మహిళా సదస్సులో పెళ్ళికి తొందరపడవద్దనీ, భర్తకు స్నేహితురాలిగా, సమానురాలిగా నిలబడమనీ, బానిసగా ఉండ నిరాకరించమనీ చెప్పారు. ఏప్రిల్ 14న అమలాపురం నుంచి కొత్తపేట దాకా ప్రతి పేటలో వేదిక లేస్తుంది. రాజ్యాంగం గురించి, రిజర్వేషన్ గురించి మాట్లాడే వక్తలు ఈ రెండు ప్రసంగాలనూ ఈసారి ఆ మైకులో చదివితే, ముందు వరుసలో కూర్చునే ఇంటర్, డిగ్రీ అమ్మాయిలు వింటారు. వెనక నిలబడే వాళ్ళ అన్నలూ వింటారు.