పుట్టగొడుగు పొడి వేరు, కాన్సరు మందు వేరు

తొలకరి పడగానే పుట్టలపైనను, చివికిన మొద్దులపైనను గొడుగులు లేచుట రైతు సోదరులు ఎరిగినదే. ఇప్పుడు పుట్టగొడుగుల పొడిని సీసాలకెత్తి, దీనితో కాన్సరు (రాచపుండు) కుదురునని చెప్పి అమ్మువారు బయలుదేరినారు. ఈ జాతినుండి కాన్సరు మందు పుట్టదని నేననను. పుట్టగలదని నమ్మువారిలో నేనొకడను. అయితే గొడుగుకును మందుకును నడుమ దారి ఎంత పొడవో తెలిసికొనవలెను.

అమెరికా తూర్పు ప్రాంతములలో చెట్ల మొద్దులపై నారింజరంగు గొడుగు ఒకటి పుట్టును. చీకటిలో మసకగా వెలుగును. తిన్నవారికి వాంతులు తప్పవు. న్యూయార్కు వృక్షోద్యానమునకు చెందిన శాస్త్రజ్ఞులు దీనినుండి ఇల్యూడిన్ అను పదార్థములను వేరుచేసి 1950లో ప్రకటించిరి. ఇవి కాన్సరు కణములను చంపునని తరువాత తేలినది. కాని మంచి కణములనూ చంపును. చిక్కంతా అక్కడనే ఉన్నది. కలుపుతోపాటు పైరునూ మాడ్చు మందును ఏ రైతు చల్లును? అందుచే రసాయనజ్ఞులు దాని నిర్మాణమును కొంత మార్చి, విషము తగ్గించి, ఇరోఫుల్వెన్ అను పదార్థమును తయారుచేసిరి. రోగులపై పరీక్షించిరి. క్లోమమునకు వచ్చు కాన్సరుపై జరిగిన పెద్ద పరీక్షలో, అదివరకున్న మందును మించిన మేలు కలుగునని తోచక 2002లో దానిని ఆపివేసిరి. అప్పటికి 52 సంవత్సరములు! నేటికిని అది సాధారణ వైద్యములో వాడుకకు రాలేదు. ఆ శ్రమ వ్యర్థమని నేననుకొనను. ఎంత మోతాదుకు ఎంత కీడో అది తెలిపినది. సీసాలోని పొడికి ఆ లెక్క ఎవరు కట్టిరి?

నా ఎరుకలో ఒక రైతు, రొమ్ములో గడ్డ కనిపించిన భార్యకు నాలుగు నెలలు ఇట్టి పొడి తినిపించి, ఆ తరువాత ఆసుపత్రికి తీసికొనిపోయెను. ఆ నాలుగు నెలలు ఏమిచేసితిరని డాక్టరు అడిగినప్పుడు అతడు తలవంచుకొని నిలిచెను. గడ్డ కనిపించిన వారము దాటకుండ ఆసుపత్రికి పోవలెను.

గ్రామాధికారులకు ఒక మాట. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండవలెను; ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు వ్రాయించుట దాని పని. అందులో చెట్లు, పశువులు వ్రాసి ఊరకుండుట చాలదు. ఏ గొడుగు ఏ మొద్దుపై ఏ మాసమున లేచునో, పెద్దలు దానిని ఏ పేరున పిలుతురో, ఏది తినరాదో కూడ వ్రాయింపవలెను. తినరానిదానిని ముందు వ్రాయింపుడు, ఇల్యూడిన్ దొరకినది అట్టిదానిలోనే గదా! రేపు బయటివారు మన ఊరి గొడుగును పరిశోధనకు తీసికొనిపోయి లాభము పొందినచో, ఊరికి రావలసిన వాటా అడుగుటకు ఆ పుటయే ఆధారము.