పదో తరగతి దాటినా పది రూపాయల లెక్క రాదు
ప్రత్యేక అవసరాల పిల్లలకు హైస్కూలులో నేర్పవలసినవి బతుకు పనులు

గుంటూరు: పల్లెటూరి హైస్కూలు హాజరుపట్టీలో ప్రత్యేక అవసరాల పిల్లల పేర్లు ఒకటో రెండో కనిపించడం ఇప్పుడు వింత కాదు. బుద్ధిమాంద్యం వున్నవారు, ఆటిజం వున్నవారు, సెరెబ్రల్ పాల్సీతో కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయినవారు తోటి పిల్లలతోపాటే ఏటా జూన్‌లో పై తరగతికి వస్తున్నారు. ఒకప్పుడు ఇంటి మూలన గడిపిన పిల్లలు ఈనాడు యూనిఫాం తొడుక్కుని బడికి వస్తున్నారంటే సంతోషించవలసిందే.

అయితే పదేళ్ళు బడికి వచ్చివెళ్ళిన పిల్లవాడి చేతిలో పది రూపాయల నోటు పెడితే, కొట్టుకు వెళ్ళి బిస్కెట్ ప్యాకెట్టు కొనుక్కురాగలడా? తప్పిపోతే తన వూరి పేరు, తండ్రి పేరు చెప్పగలడా? ఎవరి సాయమూ లేకుండా స్నానం చేసి చొక్కా గుండీలు పెట్టుకోగలడా? చాలా ఇళ్ళలో వీటికి వచ్చే జవాబు లేదనే. పదో తరగతి అయిపోయిన మరునాటి నుంచి ఆ పిల్లవాడు మళ్ళీ అరుగు మీదికే వస్తున్నాడు. తాము పోయిన తర్వాత వీడిని చూసేదెవరన్న బెంగ తల్లిదండ్రులకు అలాగే మిగులుతున్నది.

చట్టం చెప్పేది

వికలాంగ బాలలను మామూలు బడుల్లోనే చేర్చి చదివించాలన్న పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 1974లోనే ప్రారంభించింది. బుద్ధిమాంద్యం గల వారి కోసం సికిందరాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ సంస్థ వెలిసింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, 40 శాతం లేక అంతకు మించి వైకల్యం వున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. అందులో బుద్ధిమాంద్యం గలవారు సుమారు 15 లక్షలు.

మన రాష్ట్రంలో మండలాల్లో భవిత కేంద్రాలు వున్నాయి. వాటిలో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులు చుట్టుపక్కల బడులకు కూడా వెళ్ళి ఈ పిల్లలను చూడవలసి వుంటుంది. కదలలేని పిల్లలకు ఇంటివద్దే నేర్పే ఏర్పాటు వుంది. సమగ్ర శిక్షా పథకంలో ఒక్కొక్కరికి ఏడాదికి 3,500 రూపాయల వరకు ఖర్చు పెట్టవచ్చు. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టయిపెండు ఇస్తారు.

ఇన్ని వున్నా హైస్కూలు తరగతి గదిలో జరుగుతున్నదేమిటి? పిల్లవాడు చివరి బల్ల మీద కూర్చుంటాడు. బోర్డు మీది అక్షరాలను చూసి బొమ్మ గీసినట్లు నోటుపుస్తకంలో దింపుతాడు. రాసినదేమిటో చదవలేడు. మాస్టార్లకు వాడి మీద జాలి వుంది. కాని సిలబసు పూర్తి చేయవలసిన తొందరలో వాడికి వేరే పాఠం చెప్పే తీరిక లేదు, చెప్పే పద్ధతిలో తర్ఫీదూ లేదు. ప్రత్యేక ఉపాధ్యాయుల కొరత విషయమై 2021లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నది. ఆ తర్వాత 2022లో కేంద్రం అయిదో తరగతి వరకు 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆరు నుంచి ఎనిమిది వరకు 15 మందికి ఒకరు చొప్పున వుండాలని ప్రకటించింది. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది కనుక తొమ్మిది, పది తరగతులు ఈ లెక్కలోకి రాలేదు. పిల్లవాడికి బతుకు పనులు నేర్పవలసిన అసలు వయసు అదే కావడం గమనార్హం.

ఒక పని, పది మెట్లు

బతుకు పనులు నేర్పడానికి పెద్ద భవనాలు, యంత్రాలు అక్కరలేదు. ఈ రంగంలో తెలిసినవారు పాటించే సూత్రం ఒక్కటే. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి ఒక్కొక్క మెట్టే నేర్పాలి. పళ్ళు తోముకోవడం మనకు ఒక పని. బుద్ధిమాంద్యం వున్న పిల్లవాడికి అది పది పనులు. బ్రష్షు పట్టుకోవడం, పేస్టు మూత తీయడం, తగినంత వేసుకోవడం, ముందు పళ్ళు, పక్క పళ్ళు, పుక్కిలించడం, బ్రష్షు కడిగి చోట పెట్టడం, ఇలా ఒక్కొక్కటీ వేరుగా నేర్చుకోవాలి.

చివరి మెట్టు నుంచి వెనక్కు నేర్పే పద్ధతి ఒకటి వుంది. చొక్కా గుండీలు నాలుగూ అమ్మ పెట్టి, అయిదోది పిల్లవాడికి వదలాలి. అది వచ్చాక చివరి రెండు వదలాలి. ఇందులో కిటుకు ఏమంటే, ప్రతిసారీ పని పూర్తి చేసింది పిల్లవాడే అవుతాడు. ఆ సంతృప్తి వాడిని మర్నాడు మళ్ళీ పూనుకునేలా చేస్తుంది. మొదట చేయి పట్టి చేయించడం, తర్వాత చేసి చూపడం, తర్వాత మాటతో చెప్పడం, చివరకు సైగతో సరిపెట్టడం, ఈ వరుసలో సాయాన్ని తగ్గించుకుంటూ రావాలి. సాయం తగ్గించడం మరిచిపోతే పిల్లవాడు ఎదుటివారి చేతి కోసమే ఎదురుచూస్తాడు.

డబ్బు లెక్క కాగితం మీద నేర్పితే రాదు. బొమ్మ నోట్లతో బడిలో నేర్చినది కొట్టు దగ్గర పనికిరాదు, ఎందుకంటే ఒకచోట నేర్చినదాన్ని మరొకచోట వాడుకోవడమే ఈ పిల్లలకు కష్టం. అందుచేత అసలు నోటుతో, అసలు కొట్టు దగ్గరే నేర్పాలి. మొదట పది రూపాయల నోటు ఒక్కటే, కొనే వస్తువు ఒక్కటే, కొట్టు ఒక్కటే. అది గట్టిపడిన తర్వాత ఇరవై నోటు, చిల్లర తీసుకోవడం. కూడికలు రాకపోయినా, వస్తువు ధర కన్నా పెద్ద నోటు ఇచ్చి చిల్లర కోసం నిలబడడం నేర్పితే చాలావరకు పని జరిగిపోతుంది. కొట్టు యజమాని ముందుగా విషయం తెలుసుకుని రెండు నిమిషాలు ఓపిక పట్టడం ఇందుకు ఎంతో అవసరం.

బడిలో ఒక తీరు, ఇంట్లో మరొక తీరు వుండకూడదు. బడిలో బ్రష్షు కుడిచేతితో పట్టించి, ఇంట్లో అమ్మే తోమేస్తే నెల రోజుల శ్రమ వృథా. గోడమీద కాలెండరులో ఏ రోజు ఎంతవరకు తానే చేశాడో గుర్తు పెట్టుకుంటే మూడు నెలల్లో మార్పు కంటికి కనిపిస్తుంది. సికిందరాబాదులోని జాతీయ సంస్థ ఏ దశలో ఏ పనులు నేర్పాలో చూపే పట్టికలను తయారుచేసింది. హైస్కూలు వయసుకూ, వృత్తి నేర్చుకోబోయే ముందు దశకూ వాటిలో విడివిడి పట్టికలు వున్నాయి.

ఆడపిల్లల విషయం

పల్లెల్లో అందరూ మాట్లాడడానికి వెనుకాడే సంగతి ఒకటి వుంది. వయసుకు వచ్చిన ఆడపిల్లకు నెలసరి శుభ్రత నేర్పకపోవడంవల్ల చాలామందిని బడి మాన్పిస్తున్నారు. ఇది కూడా మెట్లుగా నేర్పగలిగిన పనే. రజస్వల కాకముందే, ఇంట్లో తల్లి లేక అక్క చూపించి నేర్పడం మంచిది.

దీనికన్నా పెద్దది రక్షణ. ఎవరు ఏమి చెప్పినా వినే పిల్లను మంచిపిల్ల అంటారు. ఆ వినడమే ఈ పిల్లలకు ముప్పు తెస్తున్నది. ఒంటి మీద ఎవరు చేయి వేయవచ్చు, ఎవరు వేయకూడదు, వద్దని గట్టిగా ఎలా అనాలి, జరిగింది ఎవరికి చెప్పాలి అన్నవి మగపిల్లలకు, ఆడపిల్లలకు ఇద్దరికీ నేర్పాలి. 18 ఏళ్ళలోపు పిల్లలపై లైంగిక నేరాలకు 2012 నాటి పోక్సో చట్టం కఠిన శిక్షలు విధిస్తుంది. కాని పిల్లకు చెప్పడం వస్తేనే చట్టానికి పని దొరుకుతుంది.

చేతికి పని

పద్నాలుగు పదిహేనేళ్ళు వచ్చేసరికి కుదురుగా కూర్చుని పని చేయడం అలవాటు చేయాలి. మన జిల్లాలో ఇందుకు అవకాశాలు కళ్ళముందే వున్నాయి. మిరపకాయల తొడిమలు తీయడం, తాలుకాయలు వేరుచేయడం, నర్సరీ సంచుల్లో మట్టి నింపడం, గేదెకు మేత వేయడం వంటివి తీరిగ్గా చూపితే చాలామంది చేయగలరు. లెక్క రాదన్న అడ్డంకిని కూడా దాటవచ్చు. కోడిగుడ్ల అట్టలో 30 గుంటలు వుంటాయి. గుంటకు ఒకటి చొప్పున పెట్టమంటే, ముప్పై వరకు లెక్కపెట్టలేని పిల్లవాడు కూడా ముప్పై వస్తువులను తప్పకుండా పెట్టగలడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పని నేర్పే పేరుతో ఈ పిల్లలను వెట్టిచాకిరికి దించరాదు. బడిలో మధ్యాహ్న భోజనం తర్వాత పళ్ళెం కడుక్కోవడం, నీళ్ళు పట్టుకోవడం మంచి పాఠాలే. కాని అందరి పళ్ళాలు వాడొక్కడి చేత కడిగిస్తే అది పాఠం కాదు. పెద్దయ్యాక పనికి వెళ్ళినా, చేసిన పనికి తగిన కూలి వాడి చేతిలో పడాలి.

బతుకు పనుల పేరు చెప్పి అక్షరాలు మాన్పించడం కూడా సరికాదు. తేలికపాటి మాంద్యం వున్నవారు చదవడం, రాయడం నేర్చుకోగలరు. మిగిలినవారికి కూడా తన పేరు, బస్సు బోర్డు మీది వూరి పేరు, ‘ప్రమాదం’, ‘స్త్రీలు’, ‘పురుషులు’ వంటి మాటలు గుర్తుపట్టడం చదువే.

పింఛను పోతుందన్న భయం

తల్లిదండ్రులు వెనుకాడడానికి మరో కారణం వుంది. పిల్లవాడు తన పనులు తాను చేసుకుంటే సదరం సర్టిఫికెట్టులో శాతం తగ్గి పింఛను ఆగిపోతుందన్న భయం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు అయింది. 2025లో పింఛనుదారులకు మళ్ళీ పరీక్షలు జరిపి, ఆగస్టులో అనేకమందికి నోటీసులు ఇవ్వడంతో ఈ భయం మరింత పెరిగింది. పేద ఇంట్లో ఆ సొమ్ము ఎంత అక్కరకు వస్తుందో తెలిసినవారెవరూ ఈ భయాన్ని కొట్టిపారవేయలేరు.

అయితే కొలమానం సంగతి కూడా తెలుసుకోవాలి. 2018లో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల్లో తేలికపాటి బుద్ధిమాంద్యానికి 50 శాతం, మధ్యస్థంగా వుంటే 75 శాతం వైకల్యంగా లెక్కగట్టారు. పింఛనుకూ ఇతర సదుపాయాలకూ కావలసినది 40 శాతం. గుండీలు పెట్టుకోవడం, కొట్టుకు వెళ్ళిరావడం నేర్చినంత మాత్రాన బుద్ధిమాంద్యం పోదు. పింఛను కోసం పిల్లవాడిని చేతకానివాడిగా వుంచితే, తల్లిదండ్రుల తర్వాత ఆ పింఛను వాడి పేర తీసుకునేది ఎవరో, ఖర్చుపెట్టేది ఎవరో ఆలోచించవలసి వుంటుంది. డాక్టర్లు, అధికారులు కూడా పరీక్షల సమయంలో ఈ సంగతిని తల్లిదండ్రులకు విడమరిచి చెప్పి భరోసా ఇవ్వాలి.

పద్ధెనిమిదేళ్ళు నిండితే

బిడ్డకు 18 ఏళ్ళు నిండగానే చట్టం దృష్టిలో తల్లిదండ్రుల సంరక్షకత్వం ముగుస్తుందని చాలామందికి తెలియదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు గలవారికి సంరక్షకుని నియమించే అధికారం కలెక్టరు అధ్యక్షతన గల స్థానిక కమిటీకి వుంది. అదే ట్రస్టు నిరామయ పేరుతో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇస్తున్నది. పిల్లవాడు హైస్కూలులో వుండగానే ఈ కాగితాలు సిద్ధం చేసుకోవడం మేలు.

జూన్‌లో అడగవలసినది

ఇందుకు కొత్త జీవో కోసం ఎదురుచూడనక్కరలేదు. బడులు తెరిచిన వారంలో హెడ్మాస్టరు, ప్రత్యేక ఉపాధ్యాయుడు, తల్లిదండ్రులు అరగంట కూర్చుని ఈ ఏడాది ఈ పిల్లవాడికి నేర్పదలచిన మూడు పనులు ఏవో కాగితం మీద రాసుకోవాలి. రోజుకు ఒక పీరియడు అందుకు కేటాయించాలి. వారానికి ఒకసారి కొట్టుకో, బస్టాండుకో, పోస్టాఫీసుకో తీసుకువెళ్ళాలి. మండల విద్యాధికారి బడిని తనిఖీ చేసినప్పుడు హాజరుపట్టీతోపాటు ఆ కాగితాన్ని కూడా అడగాలి. బడి యాజమాన్య కమిటీలో ఈ పిల్లల తల్లి ఒకరైనా వుంటే అడిగేవారు వుంటారు.

ఏడాదికి మూడు పనుల చొప్పున ఆరు నుంచి పది వరకు అయిదేళ్ళలో పదిహేను పనులు. స్నానం, బట్టలు, తిండి, కొట్టు, రోడ్డు, బస్సు, ఫోను, చేతికి ఒక పని, వీటన్నిటికీ అందులో చోటుంది. మార్చి పరీక్షల్లో ఆ పిల్లవాడికి ఎన్ని మార్కులు వచ్చినా, ఈ పదిహేనులో ఎన్ని వచ్చాయన్నదే రేపు ఆ ఇంటికి కావలసిన లెక్క.