ఫార్వర్డ్ కొడితే సాయం చేసినట్టు కాదు

ఈ పోస్ట్ చదివితే కొంతమందికి కోపం వస్తుంది. అయినా రాస్తున్నా.

మన గ్రూపులో రోజూ ఉద్యోగాల మెసేజ్‌లు పడుతున్నాయి. "అర్జెంట్", "పరీక్ష లేదు", "ఎస్టీలకి మంచి ఛాన్స్, పదిమందికి షేర్ చెయ్యండి". పెట్టినవాళ్ళు చదివారా? లేదు. లింక్ తెరిచి చూశారా? అదీ లేదు. కింద మాత్రం వరసగా దండాలు, "థాంక్యూ అన్నా"లు. దీన్నే మనం జాతికి సేవ అనుకుంటున్నాం.

నేనూ అలా అనుకున్నవాణ్ణే. మూడేళ్ళ కిందట ఎయిర్‌పోర్టు ఉద్యోగాలని ఒక మెసేజ్ వస్తే చూడకుండా పంపేశాను. పక్క ఊరి తమ్ముడొకడు నన్ను నమ్మి "రిజిస్ట్రేషన్ ఫీజు" అని 1,800 రూపాయలు కట్టాడు. అవి వాళ్ళమ్మ సంతలో కొండచీపుర్లు అమ్మిన డబ్బులు. తర్వాత ఆ నంబరు పలకలేదు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. కానీ మళ్ళీ దేనికీ అప్లై చెయ్యలేదు. అసలైన నోటిఫికేషన్ చూపించినా "అవన్నీ మోసాలే అన్నా" అంటాడు. పోయిన డబ్బు కంటే ఇది పెద్ద నష్టం.

"మంచి ఉద్దేశంతోనే పెట్టాను, చూసుకోవాల్సింది వాళ్ళే కదా" అంటారు. సిగ్నల్ కోసం కొండెక్కే పిల్ల, ఇంట్లో మొదటి డిగ్రీ తనదే అయిన పిల్ల, ఎవర్ని అడిగి చూసుకుంటుంది? మీ పేరు చూసే కదా నమ్మేది!

సరిచూడటానికి అయిదు నిమిషాలు చాలు. ప్రభుత్వ సైట్ల చిరునామా ఎక్కువగా గవ్ డాట్ ఇన్ అనో ఎన్ఐసీ డాట్ ఇన్ అనో ముగుస్తుంది. ఎస్‌ఎస్‌సీ పరీక్షలకి ఎస్టీలకి ఫీజే లేదు. ఫీజు ఉన్నచోట కూడా అధికారిక సైట్లోనే కడతాం, ఎవరి ఫోన్‌పే నంబరుకీ కాదు. కేంద్ర కార్మిక శాఖ 2015లో పెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్లో పేరు నమోదు ఉచితం. అక్కడ చూసిన ఉద్యోగానికైనా ఎవరన్నా డబ్బు అడిగితే వదిలెయ్యండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

ఫార్వర్డ్‌లో ఇంకో తప్పు కూడా ఉంది. అది ఎవర్నీ "నీకేం పని ఇష్టం?" అని అడగదు. ఇన్నాళ్ళూ మనందర్నీ ఒకే దారిలో తోలారు: టీటీసీ చెయ్యి, బీఈడీ చెయ్యి, టీచరువి అవుతావు. షెడ్యూల్డ్ ఏరియా టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో 3 ఉన్నన్నాళ్ళూ ఆ మాటకి అర్థం ఉండేది. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ హక్కు కోసం కొట్లాడదాం, వదలొద్దు. కొట్లాడుతూనే వేరే దారులు కూడా వెతకాలి కదా.

మన అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. పండించేది మన అమ్మానాన్నలు. ఆ కాఫీని రుచి చూసి నాణ్యత తేల్చడం కూడా ఒక ఉద్యోగమే. దానికోసం కాఫీ బోర్డు పీజీ డిప్లొమా నడుపుతోంది. సైన్స్ డిగ్రీ చేసిన మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు? మన గ్రూపులో దాని గురించి ఒక్క మెసేజైనా చూశారా?

అందుకే అడుగుతున్నా. ఇకనుంచి ఉద్యోగం పోస్ట్ పెట్టేవాళ్ళు నాలుగు మాటలు సొంతంగా రాయండి: ఏ పని, ఎంత చదువు కావాలి, ఆఖరి తేదీ ఎప్పుడు, మీరు ఏ సైట్లో చూశారు. రాయలేకపోతే పెట్టకండి. అడ్మిన్లు మొహమాటం లేకుండా తీసెయ్యండి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ అక్కలూ, నెలకి ఒక్క తమ్ముణ్ణో చెల్లెల్నో పక్కన కూర్చోబెట్టుకోండి. ముందు ఏం ఇష్టమో అడగండి, తర్వాత అప్లికేషన్ నింపించండి. వంద ఫార్వర్డ్‌ల కంటే అది మేలు.

ఆ తమ్ముడి దగ్గరికి వచ్చే సంతరోజు వెళ్తున్నా. వస్తాడో రాడో తెలీదు. కానీ ఈసారి లింక్ పంపను, పక్కన కూర్చుంటా.

జై ఆదివాసీ.