బులెటిన్‌కు ఊరట.. కవికి విచారణ

లాతూరులో గాంధీ చౌక్ పోలీస్ స్టేషన్ ఉంది. గాంధీ మీద రాసిన ఓ మరాఠీ కవిత అశ్లీలంగా ఉందన్న ఫిర్యాదు పుణే నుంచి చేరింది ఆ స్టేషన్‌కే. ఆ కవిత అచ్చయింది పేరున్న పత్రికలో కాదు. బ్యాంకు ఉద్యోగుల సంఘం తన సభ్యులకు పంచుకునే ‘బులెటిన్’లో. 1994 జులై-ఆగస్టు సంచిక అది. దానిమీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2015 మే 14న. అంటే ఇరవై ఏళ్లు దాటాక.

ఇదేదో మరాఠీవాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. సోలాపూర్, నాందేడ్, అటు బళ్లారి, హోసూరు, బరంపురం.. తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న ఊళ్లలో ఏదో ఒక చిన్న పత్రిక కనిపిస్తూనే ఉంటుంది. సంఘం వార్షిక సంచికో, ఉగాది కవితల పుస్తకమో, కుర్రాళ్లు జిరాక్సు తీసి పంచే నాలుగు పేజీలో. ‘సభ్యులకు మాత్రమే’ అని అట్ట మీద ఓ ముక్క వేసేసి నిశ్చింతగా ఉంటాం. చట్టంలో ఆ ముక్కకు చోటు లేదు. అమ్మినా, పంచినా, ఏ రకంగా చలామణీలో పెట్టినా నేరమే అంటుంది అశ్లీలత సెక్షన్.

అసలేం జరిగింది?

కవి పేరు వసంత్ దత్తాత్రేయ గుర్జర్. ముంబయిలో 1960లలో సాగిన మరాఠీ చిన్న పత్రికల ఉద్యమం నుంచి వచ్చినవాడు. పెద్ద పత్రికలు వేయని రచనల్ని సొంతంగా అచ్చువేసుకున్న తరం అది. అదే దశాబ్దంలో మన దిగంబర కవులు 1965 నుంచి 1968 దాకా మూడు సంపుటాలు తెచ్చి, బూతులు రాశారని తిట్లు తిన్నారు. గుర్జర్ కవిత ‘గాంధీ మలా భేటలా’. గాంధీ నాకు కలిశాడు అని అర్థం. 1980ల నుంచే ప్రచారంలో ఉంది. కవికి గాంధీ ఎక్కడెక్కడో, ఎవరెవరి మధ్యనో తారసపడతాడు. వీధి భాష మాట్లాడతాడు. గాంధీ పేరు చెప్పుకుని బతికేవాళ్ల మీద ఎత్తిపొడుపు అది అని కవి పక్షం వాదన. జాతిపిత నోట ఆ మాటలా అని ఎదుటివాళ్ల కోపం. చదివి ఇబ్బంది పడనివాళ్లు తక్కువేనని ఒప్పుకోవాలి.

వర్గాల మధ్య వైరం పెంచారంటూ పెట్టిన 153-ఎ, 153-బి సెక్షన్లు కింది కోర్టులోనే ఎగిరిపోయాయి. మిగిలింది 292, అంటే అశ్లీలత. దాన్నుంచి బయటపడటానికే బులెటిన్ ప్రచురణకర్త హైకోర్టుకు, అక్కడ కుదరక సుప్రీంకోర్టుకు వెళ్లారు. చివరికి ప్రచురణకర్త మీదా, ముద్రాపకుడి మీదా కేసు కొట్టేశారు. కారణం? గొడవ కాగానే తర్వాతి సంచికలో బేషరతుగా క్షమాపణ వేశారు. కవి మాత్రం విచారణ ఎదుర్కోవాల్సిందే అన్నారు. ఒకటే కవిత, ఒకటే కాగితం. వేసినవాడు సారీ చెప్పి ఇంటికెళ్లాడు, రాసినవాడు బోనులో మిగిలాడు. కవిత అశ్లీలమా కాదా అన్నది అప్పటికీ తేలలేదు. ప్రాథమికంగా కనిపిస్తోంది, విచారణలో తేల్చుకోండి అన్నారంతే.

కొలబద్ద మారింది కానీ..

మన కోర్టులు చాలాకాలం 1868 నాటి ఇంగ్లండు ‘హిక్లిన్’ కొలతనే వాడాయి. చెడిపోయే స్వభావం ఉన్నవాడి చేతిలో పడితే ఆ రాత ఏం చేస్తుందన్నది ఆ లెక్క. 1964లో ‘లేడీ చాటర్లీస్ లవర్’ అమ్మిన బొంబాయి పుస్తకాల షాపు భాగస్వామి రంజిత్ ఉదేశీ శిక్షను సుప్రీంకోర్టు ఖాయం చేసింది. జరిమానా 20 రూపాయలు! మరాఠీ రచయిత చంద్రకాంత్ కాకోడ్కర్ 1962 దీపావళి సంచికలో రాసిన ‘శ్యామా’ కథకు హైకోర్టు వేసింది 25 రూపాయలు. దాన్ని కొట్టేయించుకోవడానికి ఆయనకు 1969 దాకా పట్టింది. ఈ చట్టంలో అసలు శిక్ష జరిమానా కాదు, తిరగడమే.

2014లో అవీక్ సర్కార్ కేసులో హిక్లిన్‌ను పక్కనబెట్టి, నేటి సమాజ ప్రమాణాలతో చూడాలన్నారు. మంచి మార్పే. ఏడాదిన్నర తిరక్కుండానే గుర్జర్ కేసులో దానికో తోక తగిలింది. చరిత్రలో గౌరవం పొందిన వ్యక్తుల విషయంలో ఆ ప్రమాణాన్ని మరింత గట్టిగా పట్టించాలన్నారు. గాంధీని విమర్శించొచ్చు, వ్యంగ్యం చేయొచ్చు, ఆయన నోట అశ్లీలపు మాటలు పెట్టకూడదన్నది కోర్టు తర్కం. కానీ సెక్షన్‌లో ఉన్నది కామోద్రేకం, చెడగొట్టే గుణం గురించి. ఎవరి గురించి రాశారన్న మాట అందులో ఎక్కడా లేదు. అవమానం వేరు, అశ్లీలం వేరు. రెండూ కలిపేస్తే రేపు విగ్రహం ఉన్న ప్రతి నాయకుడి చుట్టూ ఒక కంచె లేస్తుంది. మన ఊళ్లలో విగ్రహాలకు కొదవా?

క్షమాపణ సంగతే తీసుకుంటే, తమిళనాడు మనవాళ్లకు నామక్కల్ గుర్తుండే ఉంటుంది. ‘మాదొరుభాగన్’ నవల మీద 2015 జనవరి 12న అధికారుల సమక్షంలో పెరుమాళ్ మురుగన్ చేత బేషరతు క్షమాపణ రాయించారు. ఆ ఒప్పందానికి విలువే లేదని, నవల అశ్లీలం కాదని 2016 జులై 5న మద్రాసు హైకోర్టు తేల్చింది. అక్కడ క్షమాపణ చెల్లలేదు, లాతూరులో అదే తాళం తీసింది.

ఇంకా వెనక్కి వెళ్తే తంజావూరు ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ ఉంది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించి అచ్చుకిస్తే అశ్లీలమని ప్రతులు పట్టుకుపోయారు. రాసింది ఆడది కాబట్టే ఈ గోల అని ఆమె ఎదురు నిలిచింది తప్ప వెనక్కి తగ్గలేదు. నిషేధం పోవడానికి మూడున్నర దశాబ్దాలు, టంగుటూరి ప్రకాశం చొరవ కావాల్సొచ్చాయి.

2024 జులై 1 నుంచి 292 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 294 వచ్చింది. మొదటిసారి నేరానికి రెండేళ్ల దాకా జైలు అలాగే ఉంది, జరిమానా గరిష్ఠంగా 2 వేల నుంచి 5 వేలకు పెరిగింది. సాహిత్యం, కళ, విజ్ఞానం కోసమైతే మినహాయింపు పాతదే. దాన్ని రుజువు చేసుకునే భారం మాత్రం కేసు పడ్డవాడిదే. అదే ఏడాది మార్చిలో ‘కాలేజ్ రొమాన్స్’ సిరీస్ కేసులో, బూతు మాటలు వేరు, అశ్లీలత వేరు అని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ముతక భాష రాసేవాళ్లకు అది చిన్న ఊపిరి. మరోపక్క కొత్త సెక్షన్‌లో ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నది కూడా అని చేర్చారు. మన సంఘాల బులెటిన్లు చాలావరకు ఇప్పుడు కాగితం మీద రావడం లేదు. పీడీఎఫ్‌గా వాట్సాప్ గ్రూపులో పడుతున్నాయి, అక్కడి నుంచి ఇంకో గ్రూపుకు. పంపినవాళ్లలో సగంమంది అందులోని కవిత చదివి కూడా ఉండరు.