ప్రలోభం: కర్త ఎవరు?

మనుచరిత్ర బోధనలో ‘వరూధిని ప్రలోభపెట్టింది, ప్రవరుడు లొంగలేదు’ అనడం పరిపాటి. వాక్యం నిర్దుష్టమే, అర్థం అన్యాయం. పెద్దన వరూధిని తానెవరో చెప్పింది, తనకేమి కావాలో చెప్పింది, వాదించింది, కౌగిలించబోయింది కూడా. ఆ చివరి పనిని బలవంతమనే అనవచ్చు. కపటం మాత్రం అందులో లేదు. కపటం ప్రవరుని రూపంలో వచ్చి ఆమెను పొందిన గంధర్వుడిది. అతని చర్యకు ‘మాయ’ అనే మెత్తని మాట దొరికింది. అందులో కథాచమత్కారం కనిపిస్తుంది గాని నేరం కనిపించదు.

తెలుగు క్రియలు ఇంత ఉదాసీనమైనవి కావు. నోరూరేది ఒకరికి, ఊరించేది మరొకరు. మరులుగొనడం వేరు, మరులుగొల్పడం వేరు. ఆశపడినవాడూ ఆశపెట్టినవాడూ ఒకరు కారు. మభ్యపెట్టడంలోనైతే ఎదుటివారి కోరికకన్న చేసినవారి మోసమే ప్రధానం. ప్రేరణార్థకం కర్తను బయటికి లాగి నిలబెడుతుంది. సంస్కృత ‘లుభ్’ ధాతుజన్యమైన ‘ప్రలోభం’ మాత్రం ‘ప్రలోభానికి లోనయ్యాడు’ అనే పలుకుబడిలో ఆ కర్తను చెరిపివేస్తుంది. కోరినవాడే బాధితుడై కూర్చుంటాడు.

ఈ పలుకుబడిని తిరుపతి గంగమ్మ కథకు అన్వయిస్తే దాని డొల్లతనం బయటపడుతుంది. జాతర కథనంలో పాలెగాడు స్త్రీలను చెరబట్టినవాడు. అతణ్ణి ఎవరూ ఊరించలేదు. కైకాల వంశీయులు ధరించే బైరాగి, బండ, తోటి, దొర వేషాలు, దాగిన పాలెగాడికోసం గంగమ్మ సాగించిన వెతుకులాటకు రూపాలు. నిజంగా దొరే వచ్చాడనుకొని బయటికి వచ్చిన పాలెగాడి తల తెగింది. ఇక్కడ ఎర ఉన్నది. అది స్త్రీ సౌందర్యం కాదు, అధికారపు వేషం. గంధర్వుడిదీ వేషమే, గంగమ్మదీ వేషమే. రెండింటినీ ‘మాయ’ అని ఒకే గాట కట్టే పరిశోధకుడు జాతర చూసి ఉండడు.

చట్టం తీరు మరొకటి. 1860 నాటి భారత శిక్షాస్మృతి 498వ సెక్షన్ వివాహితను దురుద్దేశంతో ఆశచూపి తీసుకుపోవడాన్ని నేరం చేసింది. భారతీయ న్యాయసంహిత 84వ సెక్షన్‌గా దానిని నిలుపుకొన్నది. అక్కడ స్త్రీకి తనదంటూ కోరిక లేదు. విమర్శలో ఆమె కోరిక చెప్పుకొంటే అది వల అవుతుంది.

‘వరూధిని అడిగింది, ప్రవరుడు కాదన్నాడు, గంధర్వుడు మోసగించాడు’ అని పాఠ్యవివరణలో రాయడానికి కొత్త పారిభాషిక పదమేదీ అక్కరలేదు.