బాపు చూడని క్లైమాక్స్

సినిమా చూస్తూ ఏడ్చేవాళ్ళను చూశాం, ఈలలు వేసేవాళ్ళను చూశాం. చెమటలు కక్కి లేచిపోయినవాళ్ళను చూశారా? నేను చూశాను. ఆయన మా బాపు!

మాది బెల్లంపల్లి. బాపు బొగ్గుబాయి కార్మికుడు. 1979 నాటి అమితాబ్ ‘కాలా పత్థర్’ మా ఊరికొస్తే పట్టుబట్టి తీసుకుపోయాను. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 370 మందికి పైగా పోయారు కదా, ఆ ఘోరమే ఆ కథకు ప్రేరణ. తెరమీద గనిలోకి నీళ్ళొచ్చాయి. బాపు నా మోచెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు మంచులా ఉన్నాయి. మరుక్షణం సీట్లో లేడు!

బయట గోడకానుకుని రొప్పుతున్నాడు.

“ఏమైంది బాపూ?”

“ఏం లేదు బిడ్డా, ఊపిరాడుతలేదు.”

“సినిమాకే గింత భయమా?” అని నవ్వాను.

ఆ నవ్వు ఇప్పటికీ నన్నే గుచ్చుతుంది. అంతకు కొన్నేళ్ళ ముందు బాయిల బండ కూలి, పక్కన పనిచేసే దోస్తు ఆయన కళ్ళముందే పోయాడట. ఆ రాత్రి అమ్మ చెబితేనే తెలిసింది.

అది పిరికితనం కాదు, ఒంటి జ్ఞాపకం. ప్రమాదాన్ని పసిగట్టగానే మెదడు గంట కొడుతుంది. మూత్రపిండాల మీది గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడ, చేతులు చల్లన. కలబడాలి, లేదా పరుగెత్తాలి! పెద్ద దెబ్బ తిన్న నాడీమండలం తర్వాత ఒక చప్పుడుకో, వాసనకో, తెరమీది బొమ్మకో కూడా అదే గంట కొడుతుంది. 1980లో అమెరికా మానసిక వైద్యులు దీన్ని పి.టి.ఎస్.డి. పేరుతో జబ్బుల పట్టికలో చేర్చారు.

మరి బ్రేకు లేదా? ఉంది! దాని పేరు వేగస్ నాడి. ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదిలితే అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఆ పేరు తెలియకపోయినా, ఆనాడు హాలు బయట ఓ కాక బాపుతో అన్నమాట అదే: “కాళ్ళు నేలకానియ్యే అన్నా. ఊపిరి మెల్లగ ఇడువు.”

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిని నీళ్ళు ముంచి 17 మంది పోయారు. వార్త విని బాపు మళ్ళీ వణికాడు. ఈసారి నేను నవ్వలేదు. పక్కన కూర్చుని, ఆయనతోపాటే ఊపిరి వదిలాను.

పీడకలలు, ఉలికిపాటు నెలదాటినా పోకపోతే డాక్టర్ని కలవాలి. టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ.

అన్నట్టు, ఈసారి హాల్లో మీ పక్క సీటాయన క్లైమాక్స్‌లో లేచిపోతే ఈల వెయ్యకండి. వెనకాలే వెళ్ళి, ఓ గ్లాసు మంచినీళ్ళివ్వండి. క్లైమాక్స్‌దేముంది, రెండో ఆటలో చూసుకోవచ్చు!